కాపీ అయిందని చెప్పింది ఎవరు?

మనం స్క్రిప్టు అని పిలిచే ప్రోగ్రాముల్లో చాలావరకు సొంతంగా చేసే పని తక్కువ, ఇతరుల చేత చేయించుకునే పని ఎక్కువ. అమలాపురంలో మా బాబాయి గారి ఫొటో స్టూడియోలో రోజూ రాత్రి నడిచే పైథాన్ స్క్రిప్టు అటువంటిదే. మెమరీ కార్డుల నుంచి కంప్యూటర్‌లోకి దిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల ఫొటోలను, వీడియోలను బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించడం, పెద్ద వీడియోలకు వాట్సాప్‌లో పంపదగిన చిన్న ప్రతులు తయారు చేయడం దాని బాధ్యత. కాపీ చేసేది వేరే ప్రోగ్రాము, వీడియోను కుదించేది ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఈ రెండింటినీ పుట్టించి నడిపేది లినక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఎవరికి ఏ పని చెప్పాలో, వాళ్లు చెప్పిన సమాధానాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలిసి ఉండటమే స్క్రిప్టు నేర్వవలసిన విద్య.

ఆ స్క్రిప్టు నా చేతికి వచ్చేనాటికి అందులో ప్రతి మెట్టు చివరా “కాపీ అయిపోయింది” అని తెర మీద చూపించే లైను ఉండేది. ఆ లైనుకు ముందు షరతు ఏమీ లేదు. పని జరిగినా, జరగకపోయినా అది కనిపించేది. “ఏరా, నిన్నటి పెళ్లి ఎక్కిందా?” అని బాబాయి అడిగితే, స్టూడియోలో పనిచేసే కుర్రాడు తెర చూసి “ఆయ్, ఎక్కిందండి” అనేవాడు. కుర్రాడి తప్పేమీ లేదు. అక్కడ రాసి ఉన్నదే చదివాడు. కానీ డిస్కులో ఆ ఫోల్డరే లేదు.

కారణం ఫోల్డరు పేరు. స్టూడియోల్లో పెళ్లి ఫోల్డర్లకు వధూవరుల పేర్లు పెట్టడం ఆనవాయితీ, ఆ రెండు పేర్ల మధ్య & గుర్తు పెట్టడం అంతకంటే పెద్ద ఆనవాయితీ. “సూర్య & దుర్గ” అనే ఫోల్డరును ఉదాహరణగా తీసుకుందాం. పాత స్క్రిప్టు కాపీ కమాండును, ఫోల్డరు పేరును, గమ్యాన్ని ఒకే వాక్యంగా అతికించి ఓఎస్.సిస్టమ్ అనే ఫంక్షన్‌కు ఇచ్చేది. ఆ ఫంక్షన్ వాక్యాన్ని తీసుకెళ్లి, కమాండ్లను చదివి నడిపించే షెల్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. షెల్ దృష్టిలో & అనేది పేరులో భాగం కాదు; తన ముందున్న కమాండును వెనకవైపు నడవనిచ్చి, తరువాతి కమాండుకు వెళ్లమనే ఆజ్ఞ. కాబట్టి అది “సూర్య” దాకా ఒక కమాండు అనుకుంది. గమ్యం చెప్పనందుకు కాపీ ప్రోగ్రాము గొణిగి వెళ్లిపోయింది. వెనకవైపు నడిచింది కనుక దాని ఫిర్యాదును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తరువాత షెల్ “దుర్గ” అనే పేరు గల ప్రోగ్రామును వెతికి, అటువంటిది లేదని 127 అనే సంఖ్య తిరిగి ఇచ్చింది. ఆ 127ను స్క్రిప్టు కన్నెత్తి చూడలేదు.

“మండపేట (రిసెప్షన్)” అని పేరు పెట్టినా ఇదే గతి, ఎందుకంటే బ్రాకెట్లకు కూడా షెల్ దగ్గర వేరే అర్థం ఉంది. పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పేరులోనే కొటేషన్ గుర్తు వచ్చే రోజు వరకే అది సరిపోతుంది. పైథాన్‌లో ష్లెక్స్.కోట్ అనే ఫంక్షన్ ఆ పనిని పద్ధతిగా చేస్తుంది గానీ, నా అభిప్రాయంలో అసలు మధ్యలో షెల్ అవసరమా అన్నదే ముందు వేసుకోవలసిన ప్రశ్న. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో రైతు చెప్పిన మాటను దళారి తన భాషలో వ్యాపారికి చెప్పినట్టే, షెల్ కూడా మనం చెప్పినదాన్ని తన వ్యాకరణంలోకి మార్చి కెర్నెల్‌కు చెబుతుంది. దళారికి తెలిసిన మెలకువలు మనకు అవసరమైనప్పుడు ఆయన ఉండాలి. ఒక ఫోల్డరును ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి అక్కరలేదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ సంప్రదాయంలో షెల్ కెర్నెల్‌లో భాగం కాదు, అదీ అందరిలాంటి ప్రోగ్రామే. కెర్నెల్‌కు ఒక ప్రోగ్రామును నడపమని చెప్పే ఎగ్జెక్ పిలుపు ఒక పొడవాటి వాక్యాన్ని అడగదు. విడివిడి మాటల జాబితాను అడుగుతుంది. ఆ జాబితాలో ఒక మాటలో ఖాళీ ఉందా, & ఉందా, బ్రాకెట్టు ఉందా అన్నది దానికి పట్టదు. లినక్స్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: ముందుకు వాలిన గీత, విలువ సున్నాగా ఉన్న బైటు. పైథాన్ 2.4తో 2004లో వచ్చిన సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఈ జాబితా పద్ధతినే మన చేతికి ఇస్తుంది. 2015లో వచ్చిన 3.5 నుంచి దానిలోని రన్ అనే ఒక్క ఫంక్షన్‌తో రోజువారీ పనులన్నీ గడిచిపోతాయి. ప్రోగ్రాము పేరు, ఆప్షన్లు, మూలం, గమ్యం అనేవాటిని ఒక లిస్టులో నాలుగు అంశాలుగా ఇచ్చి, మధ్యలో షెల్‌ను పెట్టమనే షెల్=ట్రూ అన్న మాటను రాయకుండా వదిలేస్తే “సూర్య & దుర్గ” చెక్కుచెదరకుండా కెర్నెల్ దాకా వెళ్తుంది.

ఇక్కడ ఒక మెలిక మిగిలి ఉంది. పేరు హైఫన్‌తో మొదలైతే దాన్ని ఆప్షన్ అనుకునేది షెల్ కాదు, నడుస్తున్న ప్రోగ్రామే. కాబట్టి జాబితా పద్ధతి ఒక్కటే దీని నుంచి కాపాడదు. ఫైళ్ల పేర్లను ఎప్పుడూ పూర్తి మార్గంతో ఇవ్వడం నా అలవాటు. పూర్తి మార్గం వాలు గీతతో మొదలవుతుంది కనుక ఈ పేచీ రాదు. విండోస్ సంగతి వేరు. అక్కడ కొత్త ప్రాసెస్‌కు వెళ్లేది ఒకే పొడవాటి వాక్యం, దాన్ని ముక్కలు చేసుకునే భారం ఆ ప్రోగ్రాముదే. పైథాన్ మన జాబితాను అక్కడ మళ్లీ వాక్యంగా కుట్టి పంపుతుంది కాబట్టి లినక్స్‌లో ఉన్నంత భరోసా అక్కడ పెట్టుకోకూడదు.

పని చెప్పడం ఇంతవరకు. సమాధానం వినడం ఇంతకంటే క్లిష్టమైనది.

ఒక ప్రోగ్రాము (పేరెంట్) పుట్టించి నడిపే మరో ప్రోగ్రామును చైల్డ్ ప్రాసెస్ అంటారు. అది ముగిసినప్పుడు ఎగ్జిట్ కోడ్ అనే ఒక చిన్న సంఖ్యను వదిలి వెళ్తుంది. పేరెంట్ వచ్చి ఆ సంఖ్యను అడిగి తీసుకునేదాకా కెర్నెల్ దాన్ని దాచి ఉంచుతుంది. అడగకుండా వదిలేస్తే ఆ చైల్డ్ జాంబీ అనే పేరుతో ప్రాసెస్‌ల పట్టికలో కూర్చుని ఉంటుంది. సంఖ్య 0 అయితే విజయం, 1 నుంచి 255 దాకా మరేదైనా. ఆ మరేదైనా అన్నదాని అర్థం ప్రోగ్రామును బట్టి మారుతుంది. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ 1 ఇస్తే వెతికిన మాట దొరకలేదని అర్థం, అది లోపం కాదు. లోపమైతే 2 ఇస్తుంది. కాపీ కమాండుకు బదులు నేను పెట్టిన ఆర్‌సింక్ 23 ఇస్తే కొన్ని ఫైళ్లు లోపాల వల్ల చేరలేదని, 24 ఇస్తే కాపీ మధ్యలో కొన్ని మూల ఫైళ్లు మాయమయ్యాయని అర్థం. రాత్రి ఆలస్యంగా ఎడిటింగ్ చేస్తున్నవారు అదే సమయంలో ఫోల్డరు పేరు మారిస్తే 24 రావడం సహజం. దానికి గాబరా పడి మొత్తం పనిని ఆపడం అనవసరం. అందుకే చెక్=ట్రూ అని రాసి, సున్నా కానిదేదైనా లోపమే అని తీర్మానించడం ఆర్‌సింక్ విషయంలో నాకు నచ్చదు. సంఖ్యను చేతిలోకి తీసుకుని, 0, 24, మిగిలినవి అని మూడు దారులుగా విడదీయడం మేలు.

ఓఎస్.సిస్టమ్ ఇచ్చే సంఖ్య విషయంలో ఒక చిత్రమైన ఉచ్చు ఉంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో అది ఎగ్జిట్ కోడ్‌ను నేరుగా ఇవ్వదు. కోడ్‌ను ఎనిమిది బిట్లు పైకి జరిపి, కింది భాగంలో సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రాముకు కెర్నెల్ అందించే హెచ్చరిక లేదా ఆజ్ఞ) వివరం ఉంచి ఇస్తుంది. అందువల్ల ప్రోగ్రాము 1 ఇస్తే మనకు 256 కనిపిస్తుంది. ఎవరైనా జాగ్రత్తపరులు ఆ 256ను తీసుకుని తమ స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్‌గా బయటికి పంపారనుకోండి, కెర్నెల్ అందులో కింది ఎనిమిది బిట్లనే ఉంచుకుంటుంది. 256లో ఆ ఎనిమిదీ సున్నాలే. విఫలమైన పని విజయమని లోకానికి తెలుస్తుంది. ఈ మార్పిడిని సరిగ్గా చేసే ఫంక్షన్ పైథాన్ 3.9లో వచ్చింది గానీ, సబ్‌ప్రాసెస్ వాడేవారికి దాని అవసరమే రాదు.

సబ్‌ప్రాసెస్ ఇచ్చే సంఖ్య కొన్నిసార్లు రుణాత్మకంగా కూడా ఉంటుంది. మైనస్ 9 వచ్చిందంటే ఆ ప్రోగ్రాము తనంతట తాను ముగియలేదు, 9వ నంబరు సిగ్నల్‌తో దాన్ని చంపేశారు అని అర్థం. ఇదే సంగతిని షెల్ 128 కలిపి 137 అని చెబుతుంది. స్టూడియో కంప్యూటర్ పాతది, మెమరీ తక్కువ. పొడవాటి వీడియో ఒకటి కుదిస్తున్నప్పుడు మెమరీ చాలక, కెర్నెల్ తనే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను బలి తీసుకున్న సందర్భాన్ని నేను ఈ మైనస్ 9 వల్లే పోల్చుకోగలిగాను. లోపం వివరం ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాగ్‌లో ఎక్కడా లేదు, ఉండే అవకాశమూ లేదు: చంపబడిన ప్రోగ్రాముకు చివరి మాట చెప్పుకునే వీలు ఆ సిగ్నల్ ఇవ్వదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే స్క్రిప్టులో నడిపేవారిని అది రెండు విధాల ఇబ్బంది పెడుతుంది. మొదటిది, అది తన పురోగతిని, ఎన్ని ఫ్రేములు అయ్యాయి, ఎంత వేగం అన్న వివరాలను లోపాల సందేశాల కోసం ఉన్న స్టాండర్డ్ ఎర్రర్ దారిలో ఎడతెగకుండా రాస్తూ ఉంటుంది. ఆ దారిని పైపుకు, అంటే ఒక ప్రోగ్రాము రాసింది మరొకటి చదువుకునే గొట్టానికి కలిపి, చదవకుండా, చైల్డ్ ముగిసేదాకా వేచి చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది? 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఆలోచన మేరకు యూనిక్స్‌లోకి వచ్చిన పైపుకు హద్దు ఉంది. లినక్స్‌లో సాధారణంగా అది 65,536 బైట్లు. అది నిండిన క్షణాన ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాయడం ఆపి, ఎవరో ఒకరు చదివేదాకా నిలబడిపోతుంది. స్క్రిప్టేమో అది ముగిసేదాకా నిలబడి ఉంది. ఇద్దరూ తెల్లారేదాకా అలాగే ఉంటారు, ప్రాసెసర్ వాడకం సున్నా, లోపం సందేశం లేదు. చిన్న వీడియోలకు పైపు నిండదు కాబట్టి పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది, గంటన్నర పెళ్లి వీడియో దగ్గరే ఆగుతుంది. రన్ ఫంక్షన్‌కు అవుట్‌పుట్ పట్టుకోమని చెబితే అది లోపల చదువుతూనే ఉంటుంది కనుక ఈ చిక్కు రాదు. నేను మాత్రం ఆ దారిని నేరుగా ఒక లాగ్ ఫైలులోకి మళ్లిస్తాను. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా ఏం జరిగిందో అందులో చాలావరకు మిగులుతుంది.

రెండవది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కీబోర్డు వైపు చెవి పెట్టి ఉంటుంది, క్యూ నొక్కితే ఆగడం కోసం. స్క్రిప్టుకు వచ్చే ఇన్‌పుట్‌ను అది తనదనుకుని మింగేయగలదు. స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్‌నల్‌కు కలిపితే ఆ సమస్య పోతుంది.

టైమ్‌అవుట్ పెట్టడం మంచిదే. అయితే గడువు దాటినప్పుడు రన్ చంపేది తను పుట్టించిన చైల్డ్‌ను మాత్రమే. మధ్యలో షెల్ ఉంటే చచ్చేది షెల్, అసలు పని చేసే మనవడు బతికి డిస్కును తింటూనే ఉండవచ్చు. చైల్డ్‌ను కొత్త సెషన్‌లో మొదలుపెట్టి, అవసరమైతే ఆ గుంపు మొత్తానికీ సిగ్నల్ పంపడం దీనికి మార్గం.

తెలుగు పేర్ల వల్ల వచ్చే ఇబ్బందులు మన దగ్గర ప్రత్యేకం. కెర్నెల్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకు 255 బైట్ల హద్దు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటీ మూడు బైట్లు, గుణింతాలూ పొల్లులూ విడిగా లెక్కకు వస్తాయి. అంటే 85 కోడ్ పాయింట్లతో సరి. వరుడి పేరు, వధువు పేరు, ఇద్దరి ఊళ్లు, కల్యాణ మండపం, తేదీ అన్నీ ఫోల్డరు పేరులోనే రాసే ఉత్సాహవంతులకు ఈ హద్దు అడ్డు వస్తుంది, పేరు మరీ పొడవుగా ఉందని 36వ నంబరు ఎర్రర్ వస్తుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ఐత్వం దగ్గర ఉంది. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు, లేదా ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం. “వైనతేయ” అనే ఫోల్డరు పేరు మొదటి పద్ధతిలో 18 బైట్లు, రెండవ పద్ధతిలో 21 బైట్లు. కంటికి తేడా లేదు. పాత మ్యాక్‌లలోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసిన రూపంలోనే దాస్తుంది. అటువంటి ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ చేసి తెచ్చిన ఫోల్డరునూ, ఇక్కడి ఫోల్డరునూ ఆర్‌సింక్ రెండు వేర్వేరు ఫోల్డర్లుగా చూసి, ఒకే పేరుతో రెండు ప్రతులు పక్కపక్కన పెట్టింది. పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో పేర్లన్నిటినీ కలిపిన రూపంలోకి, అంటే ఎన్ఎఫ్‌సీలోకి మార్చి పోల్చితే ఇది తీరుతుంది. రెండు హల్లులు కలవకుండా పెట్టే, కంటికి కనిపించని విడదీత గుర్తు మాత్రం ఆ మార్పిడితో పోదు. ఒకరు “వెడ్డింగ్‌హాల్” అని ఆ గుర్తుతో, మరొకరు అది లేకుండా రాస్తే అవి వేర్వేరు పేర్లే. పోల్చేటప్పుడు దాన్ని నేనే తీసేస్తున్నాను, ఫైలు పేరును మాత్రం ముట్టుకోను.

సున్నా వచ్చింది, పేర్లు కుదిరాయి. అయినా ఫొటోలు డిస్కులో ఉన్నాయని ఇంకా చెప్పలేము. ప్రోగ్రాము ఒక ఫైలు రాసినప్పుడు కెర్నెల్ ఆ బైట్లను ముందు మెమరీలోని పేజ్ క్యాష్‌లో ఉంచి, రాసేశానని సమాధానం ఇస్తుంది. డిస్కు మీదికి చేర్చడం తరువాత తీరుబడిగా చేస్తుంది. లినక్స్‌లో మామూలు అమరికల్లో ఆ బైట్లు 30 సెకన్లు పాతబడ్డాక గానీ తప్పనిసరిగా తరలించవలసినవాటి లెక్కలోకి రావు. ఆ సందులో డిస్కును పీకేస్తే, లేదా కరెంటు పోతే, సున్నా ఇచ్చిన కాపీ కూడా ఖాళీ ఫైలుగా మిగలవచ్చు. కొబ్బరి మట్ట ఒకటి తీగల మీద పడితే వీధంతా చీకటయ్యే ప్రాంతం మాది. పైగా బాబాయి రెండో డిస్కును గోదావరి పాయ వైనతేయ గట్టు దగ్గరి ఊళ్లో ఇంట్లో ఉంచుతారు. ధవళేశ్వరం వద్ద వరద 17 లక్షల క్యూసెక్కులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే, దాన్ని హడావుడిగా పట్టుకుని మేడ ఎక్కవలసిందే. తీయవచ్చా, తీయకూడదా అన్నది స్క్రిప్టు స్పష్టంగా చెప్పగలగాలి.

దానికి ఎఫ్‌సింక్ అనే పిలుపు ఉంది. పైథాన్‌లో ఓఎస్.ఎఫ్‌సింక్. ఫలానా ఫైలు బైట్లు పరికరం మీదికి చేరేదాకా అది తిరిగి రాదు, ఆలస్యంగా బయటపడే రాత లోపాలు కూడా దాని ద్వారానే మనకు తెలుస్తాయి. స్క్రిప్టు తన సొంత జాబితా ఫైలును రాసేటప్పుడు ముందు తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, ఆ తరువాత ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరుకు మారుస్తుంది. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం సగంలో ఆగే పని కాదు కనుక, కరెంటు ఎప్పుడు పోయినా పాత జాబితానో కొత్త జాబితానో ఒకటి పూర్తిగా ఉంటుంది. ఆర్‌సింక్ కూడా ఫైళ్లను దాపరికపు పేరుతో రాసి చివర్లో పేరు మారుస్తుంది గానీ, అడగకపోతే ఎఫ్‌సింక్ చేయదు. బయటి డిస్కు విషయంలో నేను చివర్లో యూమౌంట్ చేయించి, అంటే మిగిలిన బైట్లన్నీ రాయించి డిస్కును సిస్టమ్ నుంచి విడదీయించి, అది సున్నా ఇచ్చాకే డిస్కు తీయవచ్చని తెర మీద రాయిస్తాను. డిస్కును ఇంకెవరైనా వాడుతుంటే యూమౌంట్ ఒప్పుకోదు, అప్పుడు కారణంతో సహా అదే రాయిస్తాను.

డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే నాలుగు జీబీ దాటిన ఫైలు దానిలో పట్టదు, 27వ నంబరు ఎర్రర్ వస్తుంది. ఇది తెలిసినవారు తెలిసినట్టే ఉండి మళ్లీ అటువంటి డిస్కే కొంటారు.

రాత్రి పూట తనంతట తాను నడపడం గురించి రెండు మాటలు. చెప్పిన సమయానికి పనులు మొదలుపెట్టే క్రాన్ కింద నడిచే స్క్రిప్టుకు మనం టెర్మినల్‌లో చూసే వాతావరణం దొరకదు; ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితా అయిన పాత్ చాలా చిన్నది, భాష అమరిక ఉండకపోవచ్చు. ప్రోగ్రాములకు పూర్తి మార్గాలు ఇవ్వడం, భాష అమరికను స్క్రిప్టే స్వయంగా చెప్పడం మంచిది, పైథాన్ 3.7 నుంచి అమరిక లేకపోయినా యూటీఎఫ్-8 అనుకుంటుంది గానీ అది పిలిచే ప్రోగ్రాములన్నీ అలా అనుకోవు. ఆ సమయానికి కంప్యూటర్ ఆగి ఉంటే క్రాన్ ఆ రాత్రి పనిని మరిచిపోతుంది. సిస్టమ్‌డీ టైమర్‌లో పెర్సిస్టెంట్ అనే అమరిక పెడితే కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు తప్పిపోయిన పనిని గుర్తు చేసుకుంటుంది, అందుకే నేను దానికి మారాను. రెండు ప్రతులు ఒకేసారి నడవకుండా ఎఫ్‌లాక్ వాడుతున్నాను; ప్రాసెస్ చనిపోతే తాళం కెర్నెలే తీసేస్తుంది కాబట్టి కరెంటు పోయి వచ్చాక పాత తాళం ఫైలును ఎవరూ చేత్తో చెరపనక్కరలేదు.

మిగిలినది సరిచూడటం. కాపీ చేసిన వెంటనే చెక్‌సమ్ (రెండు ప్రతులు ఒకటేనా అని పోల్చడానికి బైట్ల నుంచి తీసే సంఖ్య) లెక్కిస్తే చదివేది డిస్కును కాదు, ఇంకా మెమరీలో ఉన్న పేజ్ క్యాష్‌ను. అది సరిపోయిందని సంతోషించడంలో అర్థం లేదు. యూమౌంట్ చేసి, డిస్కును మళ్లీ మౌంట్ చేసి, అప్పుడు చదివిస్తే లెక్క నిజంగా డిస్కు నుంచి వస్తుంది. ప్రతి రాత్రీ మొత్తం డిస్కును ఇలా చదివించే తీరిక ఉండదు కనుక, ఆ రోజు చేరిన ఫోల్డర్లను ఆ రాత్రే, పాతవాటిని వంతుల వారీగా చదివిస్తున్నాను.